చెట్టు కింది ఆటకు పొద్దుగూకుతది, ఫోన్ల ఆటకు పొద్దుగూకదు

పేపర్ల జిల్లా పేజీ తిప్పితే ఏడాది పొడుగునా కనపడే వార్త ఒకటున్నది: ‘పేకాట రాయుళ్ల అరెస్టు’. మామిడి తోటలనో, వాగు ఒడ్డుకో, పాడుబడ్డ కోళ్ల ఫారంలనో ఆడుతుంటే పోలీసులు పోయి పట్టుకున్నరు. ఇంత నగదు, ఇన్ని ఫోన్లు, ఇన్ని బండ్లు స్వాధీనం. కింద ఫోటో. ముందట బల్ల మీద ముక్కలు, నోట్లు పరిచి పెడతరు. వెనుక మనుషులను వరుసగా నిలబెడతరు. ఒకడు తల దించుకుంటడు, ఒకడు తువ్వాల అడ్డం పెట్టుకుంటడు. ఆ ఫోటోను ఊరంతా చూస్తది.

అవే పేపర్లల్ల, అవే టీవీలల్ల 2025 దాక ఇంకో ఫోటో కూడా వచ్చేది. సినిమాలల్ల వేసేటోళ్లు నవ్వుకుంట ఫోను చూపించి, రమ్మీ ఆడు, పోకర్ ఆడు, పైసలు గెలువు అని పిలిచేటోళ్లు. కింద కనపడీ కనపడని అక్షరాలల్ల, ఇది వ్యసనం కావచ్చు, జాగ్రత్త అని రాసేటోళ్లు. ఒకటే పేక, ఒకటే 52 ముక్కలు. చెట్టు కింద ఆడినోడు దొంగ లెక్క ఫోటోకు నిలబడ్డడు. లక్షలమందిని ఆటకు గుంజినోడు కోట్లు తీసుకొని ఫోటోకు నవ్విండు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాడలల్ల తిరిగే కార్యకర్తలు ఈ తేడా గురించి ఇప్పుడు మాట్లాడక తప్పదు. ‘పేకాట పేకాటే, చెట్టు కింద ఆడితేంది, ఫోన్ల ఆడితేంది’ అని మన పెద్దమనుషులే కొందరు కొట్టి పారేస్తున్నరు. అది తప్పు. ఈ రెండు ఆటలు ఒక్కటి కావు. తేడా తెలుసుకోకుంటే మన పోరగాళ్లను కాపాడుకునే దారి కూడా దొరకదు.

ఒక మాట ముందే చెప్పాలె. చెట్టు కింది పేకాటను మెచ్చుకుంట రాస్తున్న రాత కాదు ఇది. ఆ ఆటల పుస్తెలు కుదువకు పోయినయి, గొడ్లు అమ్ముడుపోయినయి, ఆడోళ్లు దెబ్బలు తిన్నరు. ఇవి మన ఇండ్లల్ల జరిగినయే. అయినా ఆ ఆటకు కొన్ని అడ్డుకట్టలు ఉండేటివి. ఫోను వాటిని ఒక్కొక్కటే ఎట్ల తీసేసిందో చూద్దాం.

చెట్టు కింద ఏముంటది?

నలుగురో ఆరుగురో గోనెసంచి పరిచి కూసుంటరు. ఒకడు ముక్కలు కలుపుతడు, పక్కోడు కోస్తడు, మనిషికి పదమూడు పంచుతరు. ఎవని జేబుల ఎంత ఉన్నదో అందరికీ సుమారుగా తెలుసు. వీడు నిన్న పత్తి ఏరబోయిండు, వానికి మొన్న మిర్చి పైసలు వచ్చినయి, ఇంకొకనికి ఆటో కిరాయి దొరికింది. ఎవడు గెలుస్తుండో, ఎవడు మునుగుతుండో కండ్ల ముందే కనపడుతది. చూడవచ్చినోళ్లే ఆడేటోళ్లకంటె ఎక్కువుంటరు.

జేబుల పైసలు అయిపోతే లేచి పోవాలె, లేకుంటే అప్పడగాలె. అడిగితే పక్కోడు అంటడు, ‘మొన్నటియే ఇయ్యకపోతివి, మళ్ల ఎక్కడియిరా’ అని. అది ఒక అడ్డుకట్ట. పొద్దుగూకితే ముక్కలు కానరావు. అది ఇంకొకటి. పిల్లను సంకనేసుకొని పెండ్లాం వస్తది. ‘ఇంట్ల బియ్యం లేవు, నువ్విక్కడ రాజ్యమేలుతున్నవా’ అని నలుగుట్ల అడుగుతది. తల్లి వచ్చి దుమ్మెత్తి పోస్తది. పక్కన కూసున్న ముసలాయన, ‘చాలు తియ్యిరా, లెవ్వు’ అంటడు. బాగా పోగొట్టుకున్నోన్ని గెలిచినోడే ‘ఇగ పోరాదురా’ అని లేపి పంపిన సందర్భాలు వాడలల్ల అందరికీ తెలుసు. వాడు మంచోడై కాదు. తెల్లారి ఇద్దరూ ఒకే ట్రాక్టర్ల కూలికి పోవాలె, ఒకే బోరింగు కాడ మొకం చూసుకోవాలె. అందుకే.

మోసం ఉండదా? ఉంటది. ముక్కకు గోరుతోటి గుర్తు పెడతరు, ఇద్దరు కండ్లతోటి సైగ చేసుకుంటరు. కానీ దొరికితే అక్కడనే పంచాయితి అయితది. ఎవడు మోసం చేసిండో వాని పేరు తెలుసు, వాని ఇల్లు తెలుసు.

ఆట ఆడించి ఆటకింత అని తీసుకునేటోడు దిగిన కాడ, పక్కన కూసోని నూటికి పది వడ్డీకి ఇచ్చేటోడు చేరిన కాడ ఆ ఆట వేరయితది. మూడు ముక్కలాట, లోపల బయట పెట్టిన కాడ ఒక్క రాత్రిల కొంప కూలుతది. కానీ ఆ కొంప కూలుడు నలుగురు చూస్తుండంగనే జరిగేది. ఎవరో ఒకరు అడ్డం పడేందుకు సందు ఉండేది.

ఫోన్ల ఏం పోయింది?

మొట్టమొదలు మొకం పోయింది. పోకర్ అనేది మన ఊర్లల్ల పెద్దగా తెలియని ఆట. మనిషికి రెండు ముక్కలు మూసి ఇస్తరు, అయిదు ముక్కలు అందరి ముందట తెరిచి పెడతరు, ఆ ఏడుల మంచి అయిదు ఎవరికి కలిస్తే వాళ్లది గెలుపు. నడుమ నడుమ పందెం పెంచుకుంట పోతరు. చేతుల ఏం లేకున్నా ఉన్నట్టు నటించి ఎదుటోన్ని లేపి పంపుడు అందుల పెద్ద విద్య. ఎదురెదురు కూసున్నప్పుడు పాత ఆటగాళ్లు ముక్కలకంటె మనిషిని ఎక్కువ చూస్తరు. చెయ్యి వణికిందా, ఊపిరి మారిందా, పందెం పెట్టేటప్పుడు ఆగిండా అని పట్టి చూస్తరు. మన రమ్మీల గూడ అంతే. జోకర్ వస్తే ఎంత దాచినా కన్ను చెప్తది. ఫోన్ల ఆ మొకం లేదు. ఒక బొమ్మ ఉంటది, ఒక దొంగ పేరు ఉంటది. అవతల ఉన్నది సూరత్‌ల వ్యాపారో, పది ఫోన్లు పెట్టుకొని ఒక్కడే ఆడే మోసగాడో, అసలు మనిషే కాని మెషినో నీకు తెలవదు.

మెషిను అంటే నవ్వకండి. అమెరికాల కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు, ఫేస్‌బుక్ వాళ్లు కలిసి తయారు చేసిన ప్లూరిబస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం 2019ల ఆరుగురు ఆడే పోకర్ల పేరుమోసిన ఆటగాళ్లను ఓడగొట్టింది. పుట్టినప్పటి నుంచి పోకరే తిండి అయినోళ్లే దాని ముందు నిలవలేదు. ఉపాధి పనికి పోయి వచ్చి మంచంల పండుకొని ఫోను పట్టుకున్న తమ్ముడు ఎట్ల నిలుస్తడు?

మెషిను గూడ అక్కరలేదు, లోపలోళ్లు చాలు. అబ్సల్యూట్ పోకర్ అనే సైటుల 2007ల, అల్టిమేట్ బెట్ అనే సైటుల 2008ల ఒక దొంగతనం బయటపడ్డది. కంపెనీల లోపలి మనుషులు కొందరు ఎదుటోళ్ల మూసిన ముక్కలన్నీ తమకు కనపడేటట్టు చేసుకొని ఆడిన్రు. ఏండ్ల తరబడి జనం సొమ్ము గుంజిన్రు. చెట్టు కింద ఎవడన్న నీ ముక్కలల్లకు తొంగి చూస్తే చెంప పగులుతది. అక్కడ చూసేటోని చెంప ఏడున్నదో కూడా తెలవదు.

రెండోది, నోటు పోయింది. అయిదు వందల నోటు జేబుల నుంచి తీసి గోనె మీద వేస్తుంటే చెయ్యి బరువైతది. ఆ నోటుకు ఎన్ని బస్తాలు మోసినమో యాదికొస్తది. ఫోన్ల వేలు ఒత్తితే పోతది. పోయినంక అది రూపాయి లెక్క కనపడదు, చిప్సు, పాయింట్లు అని కనపడుతది. మొదట వాళ్లే ‘బోనస్’ అని కొంత వేస్తరు. గాలానికి ఎర గుచ్చినట్టు. 2025–26ల తెలంగాణల ఉపాధి పనికి ఖాయం చేసిన కూలి రోజుకు 307 రూపాయలు. పదివేలు పోయినయంటే 33 రోజులు ఎండల మట్టి తోడినది పోయినట్టు. భూపాలపల్లి సింగరేణి కాంట్రాక్టు కార్మికులకు లాభాల పేరు మీద 2024ల మొదటిసారి మనిషికి 5,000 రూపాయలు ఇచ్చిన్రు. ఎన్నేండ్ల కొట్లాట తర్వాత వచ్చిన ఆ అయిదు వేలు, ఫోన్ల ఒక చాయ తాగేటంత సేపట్ల పోతయి.

మూడోది, పొద్దు పోయింది. బల్ల చుట్టూ కూసోని పోకర్ ఆడితే గంటకు పాతిక ముప్పై ఆటలు. ఫోన్ల ఒక్క బల్ల మీదనే గంటకు అరవై డెబ్బై ఆటలు నడుస్తయి. ఒకేసారి రెండు మూడు బల్లల మీద గూడ ఆడొచ్చు. ఓడినోడు ఆలోచించేటందుకు సందియ్యదు. చీకటి పడదు, ముసలాయన దగ్గడు, గెలిచినోడు లేపి పంపడు. దుప్పటి లోపల, పెండ్లాం పిల్లలు పక్కనే నిద్రపోతుంటే నడుస్తది. ఆపద ఎక్కువ రాత్రిపూటనే అని తమిళనాడు ప్రభుత్వం గుర్తించింది. పైసల ఆటలు రాత్రి 12 నుంచి పొద్దున 5 దాక బందు పెట్టాలని 2025ల నిబంధన పెట్టింది. కంపెనీలు కోర్టుకు పోయినయి. ఆ నిబంధన చెల్లుతదని 2025 జూన్‌ల మద్రాసు హైకోర్టు చెప్పింది. అయిదు గంటల చీకటి కోసం ఒక రాష్ట్రమే కోర్టుల కొట్లాడవలసి వచ్చింది. చెట్టు కింద అది రోజూ ఉత్తగనే దొరికేది.

నాలుగోది లెక్క. ఇది అక్షరం రానోళ్లకు గూడ చెప్పాలె. నలుగురు తలా వెయ్యి పట్టుకొని చెట్టు కింద కూసుంటే పొద్దుగూకినంక గూడ ఆ నాలుగు వేలు వాడలనే ఉంటయి. జేబులు మారుతయి, అంతే. ఫోన్ల అట్ల కాదు. ప్రతి పందెం కుప్పల నుంచి కంపెనీ తన వాటా ముందే తీసుకుంటది. సులువు కోసం పది శాతం అనుకుందాం. ఇద్దరు తలా వెయ్యి పెట్టుకొని, ఆటకు వంద పందెం కాసిన్రు. కుప్పల రెండు వందలు. కంపెనీకి ఇరవై. వంద ఆటలకు కంపెనీకి పోయేది రెండు వేలు. అంటే ఇద్దరూ సమానంగ ఆడి, చెరిసగం ఆటలు గెలిచినా, వంద ఆటలైనంక ఇద్దరి చేతులల్ల సున్న. ఆటకు మూడు నిమిషాలు పడితే ఇదంతా అయిదు గంటల పని. ‘నేను మంచిగ ఆడుత, నాకు తెలివుంది’ అనే తమ్మునికి ఈ లెక్క కాయితం మీద వేసి చూపియ్యండి. మెట్టు మెట్టుకు సుంకం కట్టే తొవ్వల ఎంత ఉరికినా మిగిలేది ఏమున్నది?

కులం అడగని ఆట

మన పోరగాళ్లు ఒక మాట అంటరు. ఆ మాటను తేలిగ్గ తీసెయ్యొద్దు. ‘అన్నా, ఊర్ల క్లబ్బుల కూసుంటే నువ్వెవరు, ఏ వాడ అని చూస్తరు. ఫోన్ల ఎవడూ కులం అడగడు. పటేలు కొడుకుతోటి నేను సమానంగ ఆడుత.’

నిజమే. పేకాటల గూడ కులం ఉన్నది. దొరల గడిల, టౌను క్లబ్బుల ఆడేది కాలక్షేపం. మాదిగ వాడల, మాల వాడల ఆడేది జూదం. క్లబ్బు ముందట జీపు ఆగితే సలాం కోసం ఆగుతది, వాడ ముందట ఆగితే లాఠీ కోసం ఆగుతది. ఇది చూసి పెరిగిన పిల్లగానికి కులం అడగని బల్ల దొరికితే ఎందుకు ఆశపడడు?

కానీ తమ్ముడా, ఆ యాప్ నీ కులం ఎందుకు అడగలేదో ఆలోచించు. దానికి కావలసింది నీ బ్యాంకు ఖాతా నంబరు. అది దొరికినంక నీ కులంతోటి పనేమున్నది? సారా కాంట్రాక్టరు గూడ కులం అడగలేదు. అందరికీ పోసిండు, మన వాడల కొంచెం ఎక్కువ పోసిండు. బల్ల సమానమైతే ఓడినంక గూడ సమానంగ ఉండాలె గదా. పటేలు కొడుకు అయిదు లక్షలు పోగొట్టుకుంటే తండ్రి ఒక ఎకరం అమ్మి కడతడు, నలుగుట్ల చెప్పకుండ దాస్తడు. మన పిల్లగాడు యాభై వేలు పోగొట్టుకుంటే అమ్మేటందుకు ఏమున్నది? తల్లి పేరు మీద మహిళా సంఘంల తీసిన లోను, చెల్లె పెండ్లికి దాచిన తులం, ఆటో కాయితాలు. అవీ అయిపోతే అప్పు యాపులు. వాడు ఫోన్లున్న నంబర్లన్నీ గుంజుకుంటడు. కట్టకుంటే మామకు, మేనత్తకు, పనిచ్చే మేస్త్రికి గూడ ఫోను చేసి బూతులు తిడతడు, ఫోటోలు మార్చి పంపుతడు. 2020 డిసెంబర్ల ఇట్ల వేధించిన అప్పు యాపుల మీద హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి కాల్ సెంటర్ల మీద దాడులు చేసిన్రు. అప్పటికే ప్రాణాలు పోయినయి.

అంటే కులం అడగని ఆటల గూడ దెబ్బ మాత్రం కులం చూసే తాకుతది. వెనుక భూమి ఉన్నోడు లేస్తడు, లేనోడు పడిపోతడు.

కోర్టు చెప్పిన రెండో మాట

‘రమ్మీ జూదం కాదు, నేర్పు ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది’ అని కంపెనీలు అరిచినయి. ఆ తీర్పు మన గడ్డ మీది కేసులనే వచ్చింది. సికింద్రాబాద్‌ల ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసు అది. 1967ల సుప్రీంకోర్టు ఏమన్నదంటే, మూడు ముక్కలాట లెక్క రమ్మీ వట్టి అదృష్టం కాదు. ఏ ముక్క పడ్డదో యాదికి పెట్టుకోవాలె, ఏది ఉంచుకోవాలె, ఏది పారెయ్యాలె అన్న నేర్పు కావాలె. ఇది మొదటి మాట. ఆ తీర్పులనే రెండో మాట గూడ ఉన్నది. ఇల్లు నడిపేటోడో క్లబ్బు నడిపేటోడో పందెం ఆట మీద లాభం గుంజుకుంటే మాత్రం నేరం కావచ్చని గూడ కోర్టు అన్నది. కంపెనీలు మొదటి మాటను ఢంకా కొట్టి చెప్పినయి, రెండో మాటను మింగినయి. వాళ్ల బతుకంతా ఆ రెండో మాట చెప్పిన లాభం మీదనే నడిచింది గదా!

ఒక బల్ల చుట్టూ మనుషులు కూసోని ఆడిన ఆటకు ఇచ్చిన తీర్పును, మొకం లేని, పొద్దు లేని, నోటు లేని ఆటకు గొడుగు లెక్క పట్టిన్రు. అక్కడనే మోసం ఉన్నది.

ప్రభుత్వాలు ఏం చేసినయి? 2017 జూన్‌ల తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, రమ్మీతో సహా నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబర్ల నిషేధించింది. కానీ మన పోరగాళ్లు ఫోను వేరే రాష్ట్రంల ఉన్నట్టు చూపించే యాపులు వేసుకొని ఆడిన్రు. ఇటు రాష్ట్రం నిషేధం అంటుంటే, అటు కేంద్రం 2023 అక్టోబర్ 1 నుంచి ఆటల వేసే సొమ్ము మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వసూలు మొదలుపెట్టింది. వద్దనే చెయ్యి ఒకటి, వసూలు చేసే చెయ్యి ఇంకొకటి. 2025 మార్చిల మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాపుల ప్రచారం చేసిన్రని 25 మంది మీద కేసు పెట్టిన్రు, అందుల సినిమా వాళ్లు, యూట్యూబ్ వాళ్లు ఉన్నరు. 2025 ఆగస్టుల పార్లమెంటు కొత్త చట్టం చేసింది. నేర్పు అయినా, అదృష్టం అయినా, పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడుపుడే నేరం. నడిపితే మూడేండ్ల దాక జైలు, కోటి రూపాయల దాక జరిమానా. ప్రచారం చేస్తే రెండేండ్ల దాక జైలు, యాభై లక్షల దాక జరిమానా. ఏటా 45 కోట్ల మంది 20 వేల కోట్ల దాక పోగొట్టుకుంటున్నరని ఆ నాడు కేంద్ర ప్రభుత్వమే అంచనా చెప్పింది.

ఆ చట్టంల మనం గట్టిగ పట్టుకోవలసిన మాట ఒకటున్నది. ఆడినోనికి శిక్ష లేదు. వాన్ని మోసపోయినోని కిందనే చూసింది. ఈ సంగతి ప్రతి వాడల చెప్పాలె. ఎందుకంటే పోలీసులు పట్టుకపోతరేమో అన్న భయంతోటే పిల్లలు దాస్తున్నరు, దాసుడుతోటే మునుగుతున్నరు. చట్టం వచ్చినంక దేశంల పెద్ద కంపెనీలు పైసల ఆటలు ఆపినయి. కానీ పరాయి దేశాల నుంచి నడిచే యాపులు, టెలిగ్రాం గుంపులు ఉండనే ఉన్నయి. మెయిన్ రోడ్డు మీది దుకాణం మూతపడితే సందుల దుకాణం తెరుచుకున్నట్టు.

రాజుల పాచికలు

జూదం మన కులాల జబ్బు అన్నట్టు మాట్లాడేటోళ్లకు వాళ్ల పుస్తకాలే జవాబు చెప్తయి. రాజ్యాన్ని, తమ్ముళ్లను, ఆఖరికి ద్రౌపదిని గూడ పందెం కాసినోన్ని ధర్మరాజు అన్నరు. కూలి పైసలు పోగొట్టుకున్నోన్ని పేకాట రాయుడు అన్నరు. ఆర్యులల్ల జూదం ఎట్ల పాతుకపోయి ఉండెనో, రాజుల కొలువుల దానికి ఎంత మర్యాద ఉండెనో బాబాసాహెబ్ అంబేద్కర్ ప్రాచీన భారతంల విప్లవం, ప్రతివిప్లవం మీద రాసిన రాతల్ల విప్పి చూపించిండు.

దాన్ని జబ్బని ముందుగా లెక్కగట్టి చెప్పినోళ్లల్ల బుద్ధుడు ఒకడు. సిగాలుడు అనే గృహస్తుకు చెప్పిన బోధల జూదంతోటి వచ్చే ఆరు కీడులు చెప్పిండు. గెలిస్తే పగ పుడుతది. ఓడితే ఏడుపు. చేతిల ధనం పోతది. సభల మాట చెల్లదు. స్నేహితులు చులకన చేస్తరు. పిల్లనిచ్చేటందుకు ఎవరూ ముందుకు రారు. ఈ ఆరింటిని జర జాగ్రత్తగ చూడండి. మొదటి మూడు మనిషికి తగులుతయి. తర్వాతి మూడు నలుగురు చూస్తే తగులుతయి. చెట్టు కింది ఆటగానికి ఈ ఆఖరి మూడు ముందుగాల తగిలేటివి. పూర్తిగ మునగక ముందే సంఘంల మాట పడిపోయేది, స్నేహితుడు మొకం తిప్పుకునేటోడు. ఆ సిగ్గు వాన్ని లేపేది. ఫోన్ల అది తలకిందులైంది. ధనం ముందు పోతది, అంతా అయిపోయినంక, అప్పులోడు ఫోను చేసిన నాడు మిగిలిన సిగ్గంతా ఒక్కసారి మీద పడుతది. మొన్నటిదాక మంచిగనే ఉండె గదా అని వాడంతా అనుకున్న పిల్లగాడు ఒక్క పొద్దుల పురుగుల మందు డబ్బా దాక పోతున్నడంటే కారణం ఇదే.

సారా కుండ కనపడింది, పగిలింది

1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల చదువు నేర్చుకునే ఆడోళ్లు సారా మీద లేచిన్రు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌ల సారా బందైంది, 1995 జనవరిల మొత్తం మద్యం మీదనే నిషేధం వచ్చింది. 1997ల ప్రభుత్వం ఆ నిషేధాన్ని తీసేసిన మాట నిజమే. కానీ ఆడోళ్లు గెలిచిన సంగతి గూడ నిజమే. ఎట్ల గెలిచిన్రు? సారా దుకాణం కనపడేది, కుండ కనపడేది, కాంట్రాక్టరు జీపు కనపడేది. పోయి నిలబడేటందుకు ఒక జాగ ఉండె.

ఈ ఆటకు జాగ లేదు. దుకాణం పిల్లగాని దుప్పటి లోపల ఉన్నది. పగలగొట్టేటందుకు కుండ లేదు. కాబట్టి మన పని ముందుగాల దాన్ని కనపడేటట్టు చేసుడు. చీకట్ల ఉన్నదాన్ని చెట్టు కిందికి గుంజుకొచ్చుడు.

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఈ పనులు చెయ్యొచ్చు:

1. నెలకొకసారి వాడ మీటింగుల ఈ ముచ్చట పెట్టాలె. పేర్లు అడగొద్దు, దోషి లెక్క నిలబెట్టొద్దు. పైన చెప్పిన పది శాతం లెక్కను చింతగింజలు పెట్టి ఆడి చూపించాలె. గింజలన్నీ కంపెనీ కుప్పలకు ఎట్ల చేరుతయో పిల్లలే చూస్తరు.

2. మహిళా సంఘం మీటింగుల అప్పు తీసుకునేటప్పుడు ఇంట్ల అప్పు యాపుల బాకీ ఉన్నదా అని అడగాలె. ఉంటే తిట్టకుండ విని, ముందు ఆ వేధింపు ఆపే దారి చూడాలె.

3. పైసలు పోయిన గంటలనే 1930కి ఫోను చెయ్యాలె, అది సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు. ఎంత జల్ది చేస్తే అంత మంచిది. మనసు చెదిరినోళ్లకు, చావు మాట మాట్లాడేటోళ్లకు 14416 ఉన్నది. అది సర్కారు మానసిక ఆరోగ్య నంబరు, పైసా ఖర్చు కాదు, తెలుగుల మాట్లాడుతరు. ఈ రెండు నంబర్లు సంఘం బోర్డు మీద రాయాలె.

4. ఆడినోనికి శిక్ష లేదు, ఆడించినోనికే శిక్ష అన్న సంగతి పోలీసు స్టేషన్ల గూడ గుర్తు చెయ్యాలె. ఊర్ల యాపులు పంచి కమీషన్ తినే ఏజెంటు ఎవడో వాడకు తెలిసే ఉంటది. వాని పేరు మీద రాతపూర్వకంగ ఫిర్యాదు ఇయ్యాలె.

5. ఫోటోలు తీసి వాడ పిల్లలను పేపర్లకు ఎక్కించే పద్ధతి మానుకోవాలని జిల్లా అధికారులను అడగాలె. కోట్లు తీసుకొని ప్రచారం చేసినోళ్ల కేసులు ఎంతదాక వచ్చినయో జనానికి చెప్పాలని అడగాలె.

ఆఖరికి ఒక మాట, ఆడుతున్న తమ్ముళ్లకు. చెట్టు కింద ఓడిపోతే అమ్మ వచ్చి తిట్టేది, అది నచ్చకనే ఫోన్లకు పోయినవు. ఇప్పుడు నిన్ను తిట్టేటోడు లేడు, లేపేటోడు గూడ లేడు. ఎంత పోయిందో ఈ రాత్రే ఎవరికో ఒకరికి చెప్పు. అమ్మకు చెప్పలేకపోతే అక్కకు చెప్పు, అక్కకు చెప్పలేకపోతే సంఘం అన్నకు చెప్పు. ఇల్లు అమ్మినా తీరని అప్పైనా సరే, చెప్పు. తిడతరు. తిట్టనీ. తిట్టినోళ్లే పక్కన కూసుంటరు, అప్పులోని ఫోను వాళ్లే ఎత్తుతరు. వాడ ఉన్నది అందుకే.

జై భీం!